పొడవాటి స్ట్రింగును ఎక్కడ విరవాలి? 79 అక్షరాల గొడవ, టిక్కీల మెసేజ్

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థమైందో లేదో మీరే చూడండి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో మీరు పైథాన్ రాస్తున్నారు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టుకున్న రైతులకు ఎస్సెమ్మెస్‌లు పంపే ప్రోగ్రామ్ మీ చేతికి వచ్చింది. మెసేజ్ స్ట్రింగు (కోట్స్ మధ్య రాసే అక్షరాల వరస) మొత్తం ఒకే లైనులో ఉండేసరికి కోడ్ రివ్యూలో "ఈ501, లైను 79 దాటింది" అని వెనక్కి పంపారు. మీరు కోట్స్ లోపలే ఒక బ్యాక్‌స్లాష్ పెట్టి మిగతాది కింది లైనుకు దింపారు. లింటర్ (కోడు రాసే నియమాలు తప్పితే చెప్పే టూల్) ఊరుకుంది. కానీ టెస్టులో మెసేజ్ మధ్యలో బెత్తెడు ఖాళీ కనిపించింది, పైగా మెసేజ్ పంపే గేట్‌వే నుంచి "టెంప్లేట్ సరిపోలలేదు" అని తిరిగొచ్చింది. ప్లస్ గుర్తు పెట్టాలా, మూడు కోట్స్ పెట్టాలా, లేక ఆ వార్నింగునే ఆపేయాలా అని అడుగుతున్నారు.

నేను రాసే పద్ధతి ఇది:

```
సందేశం = (
    "మీ సరుకు {} టిక్కీలు గిడ్డంగిలో దిగాయి."
    " రసీదు నంబరు {}."
    " అద్దె వివరాలకు ఆఫీసులో కలవండి."
)
```

వేరియబుల్ పేరు తెలుగులో ఉందని కంగారు పడకండి. పైథాన్ 3 మొదటి నుంచీ దీన్ని ఒప్పుకుంటుంది, పైన రాసింది ఉన్నదున్నట్టు నడుస్తుంది. ఇక్కడ చదవడానికి తేలిగ్గా ఉంటుందని అలా రాశాను. ఆఫీసు కోడులో మాత్రం ఇలా పెట్టకండి, మీ తర్వాత వచ్చేవాడికి తెలుగు కీబోర్డు లేకపోతే తిట్టుకుంటాడు.

రెండు స్ట్రింగులు పక్కపక్కనే ఉండి మధ్యలో ఏ గుర్తూ లేకపోతే పైథాన్ వాటిని కంపైల్ చేసేటప్పుడే ఒకటిగా అతికించేస్తుంది. రన్ అయ్యేటప్పుడు దానికి అదనపు పని ఏమీ ఉండదు. మరి బ్రాకెట్లు దేనికంటే, "మాట ఇంకా అయిపోలేదు, కింద కూడా చూడు" అని పైథాన్‌కు చెప్పడానికి. బ్రాకెట్లు తీసేసి ముక్కలన్నీ ఎడమ అంచుకు సమానంగా పెట్టి చూడండి. ఎర్రర్ రాదు. మొదటి ముక్క ఒక్కటే వేరియబుల్లోకి వెళ్తుంది, మిగతా రెండు ముక్కలు ఎవరికీ పట్టని స్ట్రింగులుగా అక్కడే పడి ఉంటాయి. రైతుకు రసీదు నంబరు లేని మెసేజ్ వెళ్తుంది. ఎర్రర్ వచ్చే తప్పుల కంటే ఇలా నోరెత్తని తప్పులే మనల్ని ఎక్కువ ఏడిపిస్తాయి.

ఇంకో చిన్న సంగతి. ఆఖరి ముక్క తర్వాత అలవాటుకొద్దీ కామా కొట్టకండి. కొడితే అది స్ట్రింగు కాదు, ఒకే ఒక్క స్ట్రింగున్న టపుల్ (లిస్టు లాంటి విలువల వరస) అవుతుంది. లిస్టులకు చివర కామా పెట్టే మంచి అలవాటు ఉన్నవాళ్లే ఇందులో ఎక్కువగా పడతారు.

మీకు ఖాళీ ఎందుకొచ్చిందో ఇప్పుడు చూద్దాం. కోట్స్ లోపల బ్యాక్‌స్లాష్ పెట్టి ఎంటర్ కొడితే ఆ బ్యాక్‌స్లాషూ, లైను మారడమూ రెండూ మాయమవుతాయి. కానీ కింది లైను మొదట్లో ఇండెంటేషన్ కోసం మీరు వదిలిన ఖాళీలు మాయం కావు. అవి కోట్స్ లోపలే ఉన్నాయి కాబట్టి పైథాన్ దృష్టిలో మీ మెసేజ్‌లో భాగమే. ఫంక్షన్ లోపల ఒక ఇఫ్ కింద ఉందన్నారు కదా, అంటే ఎనిమిది స్పేసులు. బెత్తెడు ఖాళీ అదే. ఎడమ అంచుకు జరిపితే ఖాళీ పోతుంది గానీ కోడు చూడటానికి పళ్లు ఊడిన దువ్వెనలా తయారవుతుంది. కోట్స్ బయట బ్యాక్‌స్లాష్ పెట్టినా ఇంకో ఇబ్బంది ఉంది: దాని తర్వాత కంటికి కనిపించని ఒక్క స్పేసు మిగిలినా సింటాక్స్ ఎర్రర్. పైథాన్ కోడు ఎలా రాయాలో సూచించే పెప్ 8 కూడా లైను కొనసాగించడానికి బ్యాక్‌స్లాష్ కంటే బ్రాకెట్లే మేలని చెప్తుంది.

గేట్‌వే తిప్పి పంపడానికి కారణం కూడా ఆ ఎనిమిది స్పేసులే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నియమాల కింద మన దేశంలో వ్యాపార ఎస్సెమ్మెస్‌లకు డీఎల్టీ అనే టెలికాం రిజిస్ట్రీలో టెంప్లేటు (మెసేజ్ నమూనా) రిజిస్టర్ చేయించాలి. వెళ్లే మెసేజ్‌ను దానితో పోల్చి చూస్తారు. అంకెలు, పేర్లు మారే చోట్లు తప్ప మిగతా పదాలు అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. అందుకే మీ విషయంలో ఇది అందచందాల గొడవ కాదు. లైనును ఎన్ని ముక్కలైనా చేసుకోండి, అతికాక వచ్చే స్ట్రింగులో ఒక్క అక్షరమూ మారకూడదు. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నా నేను ముందు చూసేది దీన్నే.

ఇక స్పేసు ఎక్కడ పెట్టాలి? పైన చూశారుగా, నేను రెండో ముక్క నుంచి ప్రతి ముక్కా స్పేసుతోనే మొదలుపెట్టాను. ముక్క చివర పెట్టేవాళ్లే ఎక్కువమంది, పెప్ 8 దీని గురించి ఏమీ చెప్పదు. నేను మొదట్లోనే పెట్టడానికి కారణం ఒకటే: ఎడమ అంచు ఒకే వరసలో ఉంటుంది కాబట్టి స్పేసు మర్చిపోతే ఆ లైను వెంటనే కంటికి తగులుతుంది. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, అక్కడ స్పేసు ఉందో లేదో వెతుక్కోవాలి. మీ టీములో చివర పెట్టే అలవాటుంటే అలాగే కానివ్వండి. ఒకే ఫైల్లో రెండు రకాలూ కలిపితేనే "దిగాయి.రసీదు" లాంటివి పుట్టుకొస్తాయి.

ఇన్ని మంచి మాటలు చెప్పాను గానీ, ఈ అతుకు పద్ధతి నన్నూ ఒకసారి నిలువునా ముంచింది. పదేళ్లు దాటింది. గుంటూరులో ఒక వ్యాపారికి రోజువారీ మిర్చి ధరల పట్టిక తయారుచేసే చిన్న ప్రోగ్రామ్ రాశాను. రకాల పేర్లు ఒక లిస్టు, యార్డు నుంచి వచ్చే ధరలు ఇంకో లిస్టు. ఒకరోజు సీజన్ మధ్యలో కొత్త రకం చేర్చమంటే హడావుడిగా ఇలా చేర్చాను:

```
రకాలు = [
    "తేజ",
    "బాడిగ"
    "సూపర్ టెన్",
    "సన్నం",
]
```

బాడిగ తర్వాత కామా లేదు. నాలుగు రకాలు అనుకుంటే పైథాన్‌కు మూడే కనిపించాయి. "బాడిగసూపర్ టెన్" అని ఒక కొత్త వంగడం పుట్టింది. అక్కడితో ఆగినా నవ్వుకుని ఊరుకునేవాళ్లం. రెండు లిస్టులనూ జిప్‌తో జత చేశాను, జిప్ ఏమో పొట్టి లిస్టు అయిపోగానే చప్పుడు లేకుండా ఆగిపోతుంది. దాంతో ఆ వింత రకానికి బాడిగ ధర పడింది, సన్నానికి సూపర్ టెన్ ధర పడింది, నాలుగో ధర గాలికి పోయింది. పొద్దున తొమ్మిదింటికి వాళ్ల గుమస్తా ఫోను చేసి "ఏం బాబూ, ఈ కొత్త రకం ఏ ఊళ్లో పండుతుంది?" అని అడిగాడు. ఆయన నవ్వుతూనే అడిగాడు, నాకు చెమటలు పట్టాయి. ఇప్పుడైతే పైథాన్ 3.10 నుంచి జిప్‌కు 'స్ట్రిక్ట్' అనే ఆప్షన్ ఉంది. పొడవులు సమానంగా లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. అప్పట్లో లేదు.

ఈ బాధ నా ఒక్కడిది కాదు. పైథాన్ 3 తయారవుతున్న రోజుల్లో, 2007లో, ఈ అతుకు సదుపాయాన్నే భాషలోంచి తీసేద్దామని పెప్ 3126 పేరుతో ప్రతిపాదన పెట్టారు. తిరస్కరించారు. తిరస్కరించడమే మంచిదైందని నా అభిప్రాయం, కాకపోతే ఒక కట్టుబాటు పెట్టుకున్నాను: లిస్టులో గానీ, ఫంక్షన్‌కు ఇచ్చే ఆర్గ్యుమెంట్లలో గానీ పొడవాటి స్ట్రింగును విరవాల్సి వస్తే ఆ ముక్కలకు విడిగా మళ్లీ బ్రాకెట్లు వేస్తాను. అప్పుడు చూసేవాడికి అది కావాలని అతికించిందో, కామా మర్చిపోయిందో తెలిసిపోతుంది. పైలింట్‌లోనూ, రఫ్‌లోనూ (ఇవీ లింటర్లే) ఇలాంటి అతుకులను పట్టుకునే రూల్స్ ఉన్నాయి. పైలింట్‌లో వేర్వేరు లైన్ల మీద ఉన్న అతుకులు కూడా చూడమని విడిగా చెప్పాలి, మామూలుగా అయితే ఒకే లైనులో ఉన్నవే పట్టుకుంటుంది.

ప్లస్ గుర్తు సంగతి అడిగారు. స్థిరమైన స్ట్రింగుల మధ్య ప్లస్ పెట్టినా సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) వాటిని ముందే కలిపేస్తుంది, కాబట్టి వేగంలో తేడా ఉంటుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అసలు తేడా వేరే చోట ఉంది. పక్కపక్కన ఉన్న ముక్కలు అన్నిటికంటే ముందు అతుక్కుంటాయి, కాబట్టి ఆఖరి ముక్క పక్కన చుక్క పెట్టి ఫార్మాట్ (మీసాల బ్రాకెట్లు {} ఉన్నచోట విలువలు నింపేది) అని పిలిస్తే అది మొత్తం స్ట్రింగుకు వర్తిస్తుంది. ప్లస్‌తో కలిపితే అలా కాదు. చుక్కకు ప్లస్ కంటే ముందు వరస ఉంటుంది కాబట్టి ఫార్మాట్ ఆఖరి ముక్కకు మాత్రమే అందుతుంది. మీ మెసేజ్‌లో ఆఖరి ముక్కలో ఖాళీ మీసాల బ్రాకెట్లే లేవు. ఎర్రర్ రాదు, ఎక్కువైన విలువలను ఫార్మాట్ పట్టించుకోదు, రైతుకు "మీ సరుకు {} టిక్కీలు" అని వెళ్తుంది. ఆయన ఎన్ని టిక్కీలు పెట్టాడో ఆయనకు తెలుసు, మీకు తెలియదని ఆయనకిప్పుడు తెలుస్తుంది.

ఎఫ్-స్ట్రింగులు (మీసాల బ్రాకెట్ల లోపలే వేరియబుల్ పేరు రాసేవి) వాడితే ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. కోట్స్ ముందు పెట్టే ఎఫ్ అనే అక్షరం ఆ ముక్కకే చెందుతుంది, పక్క ముక్కకు సోకదు. పొడవాటి ఎఫ్-స్ట్రింగును రెండు లైన్లుగా విరిచినప్పుడు రెండో దానికి ఎఫ్ మర్చిపోవడం నేను రివ్యూల్లో వారానికి ఒకసారైనా చూస్తాను. అప్పుడు మీసాల బ్రాకెట్లూ, లోపలి వేరియబుల్ పేరూ అలాగే అచ్చవుతాయి. విలువలున్న ముక్కకు మాత్రమే ఎఫ్ పెట్టండి. ఏ విలువా లేని ముక్కకు పెట్టినా పనిచేస్తుంది, కానీ కొన్ని లింటర్లు ఏ ఒక్క ముక్కలోనూ విలువ లేని ఎఫ్-స్ట్రింగు మీద గొణుగుతాయి. పైథాన్ 3.12 నుంచి మీసాల బ్రాకెట్ల లోపల కూడా లైను విరవొచ్చు. నేను విరవను. అంత పెద్ద లెక్క లోపల పెట్టాల్సి వస్తే పైన ఒక వేరియబుల్లో వేసుకుని దాని పేరే లోపల పెడతాను. లైను దానంతటదే పొట్టిదవుతుంది.

మూడు కోట్స్ మీ మెసేజ్‌కు పనికిరావు. అందులో ప్రతి ఎంటరూ, ప్రతి ఇండెంటేషనూ అచ్చంగా స్ట్రింగులోకి వెళ్తాయి. డాక్‌స్ట్రింగులకు (ఫంక్షన్ ఏం చేస్తుందో చెప్పే వివరణలకు) అదే సరైనది. ఎస్‌క్యూఎల్ క్వెరీలకు కూడా బాగుంటుంది, పదాల మధ్య ఖాళీ ఎంతున్నా డేటాబేస్‌కు పట్టదు. (క్వెరీలో విలువలను మాత్రం ఎఫ్-స్ట్రింగుతో దూర్చకండి, పారామీటర్లుగా ఇవ్వండి. అది వేరే పెద్ద కథ.) ఈమెయిల్ లాంటి పేరాలున్న వాటికి మూడు కోట్స్ రాసి టెక్స్ట్‌ర్యాప్ మాడ్యూల్లోని డీడెంట్‌తో ఎడమ ఖాళీ తీసేయొచ్చు. ముందు డీడెంట్ చేసి తర్వాతే విలువలు నింపండి. తిరగేసి చేస్తే, నింపిన విలువలో రెండు లైన్ల అడ్రసు లాంటిది ఉన్నప్పుడు దాని రెండో లైను ఎడమ అంచునే మొదలవుతుంది. అన్ని లైన్లకూ ఉమ్మడిగా ఉన్న ఖాళీ సున్నా అని డీడెంట్ తేల్చుకుంటుంది, ఏమీ తీయదు.

ఇప్పుడు తెలుగు వాళ్లకు మాత్రమే ఎదురయ్యే ఒక తిరకాసు. "నా లైను స్క్రీన్ మీద సగం కూడా రాలేదు, అయినా 79 దాటిందంటోంది" అని మీరు చివర్లో రాశారు. లింటర్ అబద్ధం చెప్పలేదు. గుంటూరు అని రాస్తే మన కంటికి గుం, టూ, రు, మూడే. పైథాన్ లెక్కలో గ, కొమ్ము, సున్నా, ట, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము, మొత్తం ఏడు. "మీ సరుకు 120 టిక్కీలు గిడ్డంగిలో దిగాయి." అనే వాక్యం చుక్కతో, స్పేసులతో కలిపి కంటికి 23, లెక్కకు 40. ఫ్లేక్8 అనే లింటర్ వెనక ఉండే పైకోడ్‌స్టైల్ ఈ రెండో లెక్కే వేస్తుంది. రఫ్ మాత్రం అక్షరం వెడల్పును బట్టి లెక్కిస్తుంది, అందుకే ఒకే తెలుగు లైను మీద రెండు టూల్స్ రెండు మాటలు చెప్పొచ్చు. టీములో ఏదో ఒకదాని మాటే వినాలని ముందే అనుకోండి.

ఆ 40 సంఖ్యను లైను కోసం కాకపోయినా గుర్తుపెట్టుకోండి. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో ఒకదానికి 160 అక్షరాలు పడతాయి, తెలుగు వస్తే 70కి పడిపోతుంది. పొడుగై రెండు మూడు ముక్కలుగా వెళ్తే ముక్కకు 67 మాత్రమే. అంటే మీ మొదటి వాక్యమే ఒక ఎస్సెమ్మెస్‌లో సగానికి పైగా తినేసింది. స్ట్రింగు పొడవు తగ్గించడం గురించి ఆలోచించాల్సింది లింటర్ కోసం కంటే బిల్లు కోసం.

దీనిలోనే ఇంకోటి. తెలుగు కీబోర్డులు 'ఆటోనగర్‌లో' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం పెడతాయి, లేకపోతే ర కింద ల ఒత్తు పడుతుంది. అది స్ట్రింగులో ఉంటుంది, పొడవులో లెక్కకు వస్తుంది. టెంప్లేటులో లేకుండా కోడులో ఉంటే, లేదా అటుది ఇటైతే, కళ్లు కాయలు కాసేలా చూసినా తేడా దొరకదు. ఒకసారి దీనికోసం ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. అప్పటినుంచి అనుమానం వచ్చిందంటే స్ట్రింగును ప్రింట్ చేసి చూడటం మానేశాను. యాస్కీ అనే ఫంక్షన్‌కు ఇచ్చి చూస్తాను, అది ప్రతి తెలుగు అక్షరాన్నీ కోడ్ నంబరుగా విప్పి చూపిస్తుంది. దాక్కున్నది బయటపడుతుంది.

ఎక్కడ విరవాలి అన్నది ఇంకా మిగిలింది. వాక్యం ముగిసే చోట విరవండి, 79వ గడి దగ్గర కాదు. మా బ్రాడీపేటలో అడ్రసు 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. దాన్ని 4/ అని పైన, 7 అని కింద రాస్తే ఆటో అతను కూడా ఒప్పుకోడు. రసీదు నంబర్లు, ఫైల్ దారులు, వెబ్ లింకులు కూడా అంతే. లింకును ముక్కలు చేస్తే కాపీ చేసుకోవడానికీ కుదరదు, ఫైళ్లలో వెతికినా దొరకదు. అలాంటి లైను పొడుగ్గానే వదిలేసి ఆ ఒక్క లైనుకే వార్నింగ్ ఆపే కామెంట్ పెట్టండి. గూగుల్ పైథాన్ స్టైల్ గైడు కూడా మధ్యలో స్పేసుల్లేని అలాంటి స్ట్రింగులకు మినహాయింపు ఇస్తుంది. లినక్స్ కెర్నల్ వాళ్లైతే యూజరుకు కనిపించే మెసేజ్‌లను అసలు విరవనే విరవొద్దంటారు, వెతికితే దొరకాలని. వాళ్లది సీ భాష, అయినా కారణం మనకూ వర్తిస్తుంది. వాక్యాల దగ్గర విరిస్తే కనీసం ఒక వాక్యమైనా వెతుకులాటకు చిక్కుతుంది.

మీ రివ్యూయర్‌తో గొడవ పెట్టుకోకండి గానీ, 79 అనేది పైథాన్ భాష పెట్టిన నియమం కాదని తెలుసుకోండి. 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డుకు 80 నిలువు వరసలుండేవి, తర్వాత టెర్మినళ్లూ అదే వెడల్పు తీసుకున్నాయి. 2001లో వచ్చిన పెప్ 8 ఆ 80 గడుల కిటికీలో లైను మడత పడకూడదని 79 పెట్టింది. టీమంతా ఒప్పుకుంటే 99 దాకా వెళ్లొచ్చని, కామెంట్లు, డాక్‌స్ట్రింగులు మాత్రం 72లోనే ఉంచమని అదే చెప్తుంది. బ్లాక్, రఫ్ ఫార్మాటర్లు (కోడును వాటంతటవే సర్దే టూల్స్) మామూలుగా 88 దగ్గర పెట్టుకున్నాయి. మీరు బ్లాక్ వాడుతున్నా పొడవాటి స్ట్రింగును మామూలు సెట్టింగులతో అది విరవదు, మీరే విరవాలి. "ఫార్మాటర్ నడిపాను, అయినా ఈ501 వస్తోందేంటి" అని చాలామంది తలపట్టుకునేది ఇక్కడే.

మీ పనిలో నేనైతే ఇంకో అడుగు వేస్తాను. డీఎల్టీలో ఒప్పుకున్న టెంప్లేట్లన్నీ కోడులోంచి తీసి ఒక విడి టెక్స్ట్ ఫైల్లో, ఒక్కో టెంప్లేటు ఒక్కో లైనుగా, విరవకుండా పెడతాను. దాని మీద ఏ లింటరూ నడవదు. రేపు అద్దె మాట మార్చి కొత్తగా రిజిస్టర్ చేయించినప్పుడు, ఆ లైనును ఉన్నదున్నట్టు కాపీ చేస్తే సరిపోతుంది. నాలుగైదు మెసేజ్‌ల వరకు బ్రాకెట్ల పద్ధతి చాలు. పది దాటితే ఫైలు మేలు.

ఇవాళ మాత్రం ఈ ఒక్కటి చేయండి. విరవకముందు ఉన్న పాత ఒంటిలైను స్ట్రింగును గిట్ (కోడు పాత రూపాలను దాచే టూల్) చరిత్రలోంచి తీసి టెస్టు ఫైల్లో పెట్టండి, బ్రాకెట్లతో కొత్తగా రాసినదానితో సమానమా అని పోల్చి చూడండి. కాదంటే రెండింటినీ యాస్కీకి ఇచ్చి వచ్చింది ఇక్కడ పెట్టండి, రాత్రికి చూస్తాను. రైతు పేరు, ఫోన్ నంబరు తీసేసి పెట్టండి.